నేనివ్వని సంజాయిషీ

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నాకు వచ్చిన మెమో ఒక్కటే. అదీ నేను అడిగి రాయించుకున్నది. "అడుక్కుని సన్మానాలు చేయించుకున్నవాళ్ళను చూశాం గానీ, అడుక్కుని మెమో తెచ్చుకున్న మహాతల్లివి నువ్వొక్కదానివే" అని మా ఇంట్లో ఇప్పటికీ ఆటపట్టిస్తారు. నవ్వితే నవ్వారు. నర్సింగులో కొత్తగా చేరుతున్న మీలాంటి పిల్లలకు ఆ మెమో సంగతి పనికొస్తుందనిపించి రాస్తున్నాను. నీతులు చెప్పే ఓపిక నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. జరిగింది చెబుతాను, అందులో ఏమైనా ఉంటే మీరే ఏరుకోండి.

సికింద్రాబాదులో ఒక ట్రస్టు ఆసుపత్రి. అందులో సర్జికల్ వార్డుకు నేను ఇన్‌చార్జి సిస్టర్ని. మాది తెనాలి పక్క. పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి సైనిక్‌పురిలో కాపురం పెట్టాం. వార్డులో నా కుడిభుజం ఒక స్టాఫ్ నర్సు. చిలకలగూడలో పుట్టి, చిలకలగూడలోనే పెరిగి, చిలకలగూడ దాటితే ఊరే లేదనుకునే మనిషి. పని చేస్తున్నంతసేపూ నోరు ఆడుతూనే ఉంటుంది, కానీ చెయ్యి మాత్రం తప్పు చేయదు. తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉంది పాపం. ఆ ఏడాది పర్మనెంటు చేసేవాళ్ళ లిస్టు తయారవుతోంది, అందులో ఆమె పేరుంది. ఫైల్లో ఒక్క మెమో పడితే చాలు, ఆ పేరు ఎగిరిపోతుంది.

ఇక మా పెద్ద సర్జన్ గారు. గుంటూరాయన. చెయ్యి ఎంత నెమ్మదో నోరు అంత దురుసు. ఇంకో అలవాటు కూడా ఉంది. ఎదుటివాళ్ళు చెప్పేది సగం విని, మిగతా సగం తానే పూర్తి చేసుకుంటారు. చాలాసార్లు సరిగ్గానే పూర్తి చేసుకునేవారు, అదే వచ్చిన చిక్కు.

అప్పుడు వచ్చాడు మా వార్డుకు, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన. పేగు ఆపరేషన్ అయ్యాక కుట్టు దగ్గర కారడం మొదలైంది. అది మానేదాకా నోట్లో చుక్క నీళ్ళు కూడా పోయకూడదు. అలాంటివాళ్ళకు తిండి నరం గుండా ఎక్కిస్తాం. పిండి, మాంసకృత్తులు, కొవ్వు, లవణాలు అన్నీ కలిసిన పెద్ద సంచీ, పాలలా తెల్లగా ఉంటుంది. మెడ దగ్గర పెద్ద నరంలో పెట్టిన గొట్టంలోకి, పంపు అనే చిన్న మిషను దాన్ని గంటకింత అని రోజంతా తోస్తూ ఉంటుంది.

ప్రాణం నిలబెట్టే సంచీయే, కాదనను. కానీ మహా పెంకిది. గొట్టం దగ్గర చేతి శుభ్రం తప్పితే చలిజ్వరం. లవణాలు అటూ ఇటూ అయితే గుండె తడబాటు. నెలల తరబడి నడిస్తే కాలేయానికి చేటు. అన్నిటికంటే అల్లరిది షుగరు. సంచీ ఎక్కుతుంటే పెరుగుతుంది, అందుకని ఆరు గంటలకోసారి చూసి ఇన్సులిన్ ఇస్తాం. ఇన్సులిన్ ఇచ్చాక సంచీ ఉన్నట్టుండి ఆగిందా, దబ్బున పడిపోతుంది. ఇదంతా నాకు కంఠతా వచ్చు. వచ్చీ ఏం లాభం, వినండి.

సంచీ పెట్టాలనుకున్న మంగళవారం పొద్దున పెద్దాయన చెప్పులేసుకుని మంచం మీద కూర్చున్నాడు.

"ఇంకెన్ని మందులెక్కిస్తరు సిస్టర్? ఒళ్ళంత మందులే అయిపాయె. మస్తు తక్లీఫున్నది. ఇడిసిపెట్టుండ్రి, ఇంటికి పోత" అన్నాడు.

ఇంటికి వెళితే వారం తిరక్కుండా ఏమవుతుందో నాకు తెలుసు. డాక్టర్లు ఇద్దరు చెప్పి చూశారు, వినలేదు. నేను వెళ్ళి సంచీ ఆయన ఒళ్ళో పెట్టాను.

"ఇది మందు కాదు పెద్దాయనా, అన్నం. పప్పూ అన్నం నెయ్యీ కలిపి ఇందులో పోశారనుకోండి. నోటికి బదులు నరం తింటుంది, అంతే."

"అన్నమా?"

"అన్నమే."

ఆయన సంచీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పెర్గన్నం లెక్కున్నది" అన్నాడు. చెప్పులు విప్పి మంచం కిందికి నెట్టి పడుకున్నాడు. అబ్బో, ఆ రోజు నా గొప్ప చూడాలి! డాక్టర్ల వల్ల కానిది ఒక్క మాటతో సాధించానని క్యాంటీనులో నలుగురికీ చెప్పుకున్నాను.

ముప్పై ఏళ్ళు వాల్వులు తిప్పిన మనిషి కదా, ఆయనకు సంచీ కంటే పంపు మీద ఎక్కువ మోజు. ఏ బటన్ దేనికని మా చిలకలగూడ అమ్మాయిని వదలకుండా అడిగాడు. ఆవిడా అంతే ఉత్సాహంగా చెప్పింది. "బాత్రూముకు తీస్కపోయేటప్పుడు గిది నొక్కుతం కాకా, ఆగుతది. మల్ల గిదే నొక్కితే షురూ. మర్చిపోతే రెండు నిమిషాలల్ల కీ కీ మని మొత్తుకుంటది." ఆయన తలూపి, "గీ మాత్రం మాకు రాదా" అన్నాడు.

శుక్రవారం సాయంత్రం రౌండ్సులో పెద్దాయన సర్జన్ గారికి చేతులు జోడించి ఏదో అన్నాడు. ఆయన ఫైలు చూస్తూనే ఏదో బదులిచ్చారు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను పక్కనే ఉండి పొటాషియం లెక్క రాసుకుంటున్నాను.

మర్నాడు శనివారం. పొద్దున ఆరింటికి మా చిలకలగూడ అమ్మాయే షుగరు చూసి ఇన్సులిన్ ఇచ్చింది. ఏడున్నరకు డ్యూటీలు మారే వేళ, అందరం టేబుల్ దగ్గర చేరి ఒకరికొకరం అప్పగింతలు చెప్పుకున్నాం. అవి ముగిసేసరికి ఎనిమిది దాటింది, మా అమ్మాయి మంచాల వైపు వెళ్ళింది. "మేడం!" అని ఆమె కేక. పరిగెత్తాను. పెద్దాయన ఒళ్ళంతా చెమట, బట్టలు పిండితే నీళ్ళు కారేలా ఉన్నాయి. "సైరన్ కొట్టిన్రు... గేటు... గేటు" అని గొణుగుతున్నాడు. షుగరు నలభై నాలుగు. గ్లూకోజు ఎక్కించాం. అయిదు నిమిషాల్లో కళ్ళు తెరిచి, ఏమీ ఎరగనట్టు మా మొహాలు చూశాడు. పంపు మాత్రం లక్షణంగా తిరుగుతోంది.

సర్జన్ గారు ఇన్సులిన్ సగానికి తగ్గించారు. వారమంతా బాగానే ఉంది. మళ్ళీ శనివారం, మళ్ళీ అదే వేళ, మళ్ళీ చెమటలు. మందు సగం చేశాక కూడా! ఈసారి సర్జన్ గారి కోపం చూడాలి. రెండు శనివారాలూ పొద్దుటి ఇన్సులిన్ ఇచ్చింది మా అమ్మాయే. అప్పట్లో మా దగ్గర ఇన్సులిన్ సీసాలు రెండు రకాలుండేవి, నలభై పాళ్ళది, వంద పాళ్ళది. దేని సిరంజీ దానికే. వంద సీసాలోది నలభై సిరంజీతో తీస్తే, గీత సరిగ్గానే కనిపిస్తుంది గానీ మందు రెండున్నర రెట్లు వెళుతుంది.

"అదే జరిగింది. ఇంకేం చూడక్కర్లా" అన్నారు సర్జన్ గారు.

ఆమె వాదించలేదు. ఎప్పుడూ ఆగని ఆ నోరు ఆగింది. సింకు దగ్గరికెళ్ళి, శుభ్రంగా ఉన్న చేతులనే కడుక్కుంటూ నిలబడింది. నేను దగ్గరికి వెళితే, "ఇన్నేండ్లల్ల ఒక్కసారి సుత సిరంజీ మార్వలే మేడం. కానీ ఇప్పుడు నాకే డౌటొస్తున్నది, నేనే చేసిన్నా ఏంది అని" అంది. తప్పు చేసినవాళ్ళకు అలాంటి అనుమానం రాదు.

ఆమే ఇంకో మాట కూడా అంది. "రెండుసార్లు సుత శనివారమే మేడం. నాకు శని పట్టినట్టున్నది, గుళ్ళె నూనె పోసొస్త." నేను కసిరాను. "నూనె పోస్తే షుగరు ఆగుతుందా? సిరంజీ చూసుకో ముందు" అన్నాను. శనివారం అన్న సంగతి ఒక్కటే అందులో పనికొచ్చే ముక్క, అది కాస్తా నూనెలో కొట్టుకుపోయింది.

సర్జన్ గారు మెమో ఫారం తీసి, పైన ఆమె పేరు రాసి, కింద 'మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను' అన్న గీత దగ్గర సంతకం కూడా పెట్టేశారు. కారణం రాయడమే మిగిలింది. నేను గదిలోకి వెళ్ళి టేబుల్ పట్టుకుని నిలబడ్డాను.

"ఒక్క వారం ఆగండి సార్. ఆ అమ్మాయి అలా చెయ్యదు."

"చెయ్యకపోతే షుగరు దానంతట అదే పడిందా? సరే, వచ్చే శనివారం ఇన్సులిన్ మీరే ఇవ్వండి. పడకపోతే తప్పు ఆమెదే, సోమవారం మెమో వెళుతుంది."

"పడితే?"

"పడితే మీకిస్తా" అని సొరుగు మూసేశారు.

నా అవస్థ చూడండి. షుగరు పడకపోతే ఆ పిల్ల బతుకు పోతుంది. పడితే పెద్దాయన ప్రాణం మీదికొస్తుంది. దేవుడికి దణ్ణం పెట్టుకుందామంటే ఏమని కోరుకోవాలో తెలియదు! ఆ వారమంతా దీపం వెలిగించి, ఊరికే నిలబడి వచ్చేసేదాన్ని.

మూడో శనివారం. ఆరింటికి నేనే ఇన్సులిన్ తీశాను, సీసా, సిరంజీ ఇద్దరికి చూపించి మరీ. ఇచ్చింది ఎంతని, బొట్టంత. ఏడున్నరకు అందరూ టేబుల్ దగ్గరికి చేరారు. నేను మాత్రం పెద్దాయన పక్కన ఖాళీ మంచం తెర వెనక స్టూలు వేసుకుని, దుప్పట్లు లెక్కపెడుతున్నట్టు కూర్చున్నాను. నాకేదో తట్టిందని కాదు. షుగరు పడితే ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకూడదని, అంతే.

తెర సందులోంచి కనిపించింది. పెద్దాయన లేచి కూర్చున్నాడు. అటూ ఇటూ చూశాడు. గోడమీద క్యాలెండర్లో వెంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకున్నాడు. చెయ్యి చాపి పంపు బటన్ నొక్కాడు. తెల్ల సంచీ ఆగిపోయింది. రెండు నిమిషాలు కాబోతుండగా, అది కీ కీ మనకముందే, మళ్ళీ రెండుసార్లు టక్ టక్ మని నొక్కాడు, ఒకటి నడపడానికి, ఒకటి ఆపడానికి. ఆగింది ఆగినట్టే ఉంది, చప్పుడు లేదు. ఫిట్టరు చెయ్యి!

"పెద్దాయనా! ఏం చేస్తున్నారు?" నా అరుపుకు కింది అంతస్తు వాళ్ళు కూడా ఉలిక్కిపడి ఉంటారు.

ఆయన మాత్రం బెదరలేదు. "ఆపుతున్న సిస్టర్. శనివారం గద."

"శనివారమైతే?"

"ఒక్కపొద్దు. ముప్పై ఏండ్ల సంది ఉంటున్న. పొద్దుగూకి దీపం పెట్టినంకనే అన్నం ముడుత."

"అయ్యో రామా, ఇది అన్నం కాదు కదండీ!"

ఆయన నావైపు జాలిగా చూశాడు. "మీరే అంటిరి గద సిస్టర్, మందు కాదు అన్నమని. మందైతే తీస్కుందును. మందుకు ఒక్కపొద్దు లేదు."

నేను బటన్ నొక్కి సంచీని మళ్ళీ నడిపించాను. "డాక్టరు గారిని అడగకుండా ఇలాంటి పనులు చేస్తారా?" అన్నాను.

"అడుగకేంది? మొదటి శుక్రవారమే అడిగిన. 'సార్, రేపు ఒక్కపొద్దు ఉంటా' అన్న. 'ఉండవయ్యా, ఒక్క పొద్దేం ఖర్మ, పది పొద్దులుండు, నిన్నెవరు పొమ్మన్నారు' అన్నడు. దేవుని లెక్క మనిషి."

అప్పుడు గుర్తొచ్చాయి ఆ మాటలు. నా చెవిన పడ్డవే! ఒక్క పూట ఆసుపత్రిలో ఉంటానంటున్నాడని సర్జన్ గారు పూర్తి చేసుకున్నారు. ఆయన పూర్తి చేసుకున్నదే నేనూ విన్నాను. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నదాన్ని, ఒక్కపొద్దంటే ఉపవాసమని తెలియదా? తెలుసు. ఆ క్షణాన పొటాషియం లెక్కలో ఉన్నాను.

నా అరుపుకు మా అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. సంగతి వినగానే ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మంచం కోడు పట్టుకుని కింద కూలబడి, ఏడ్చింది. "నీ ఒక్కపొద్దు సల్లగుండ కాకా, నా నౌకరి తింటుంటివి గద!" అంది.

"మరి రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డారు, ఒక్క మాటైనా చెప్పలేదేం?" అని అడిగాను.

"నన్నెవ్వరడిగిన్రు సిస్టర్? అందరు నా నెత్తి మీద నిలబడి ఇంగ్లీషుల మాట్లాడుకున్నరు. కండ్లు తిరుగంగనే నేనే మల్ల నొక్కిన. ఒక్కపొద్దు చెడగొట్టుకుంటినని నాకే సిగ్గాయె."

నిజమే. రెండు వారాలు సిరంజీలను అడిగాం, సీసాలను అడిగాం. మంచం మీది మనిషిని అడగలేదు.

సర్జన్ గారు తొమ్మిదింటికి వచ్చారు. అంతా చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలి, "నేను ఉండమన్నానా?" అన్నారు.

"అన్నారు సార్. పది ఉండమన్నారు."

ఆయన అంతగా నవ్వడం నేనదే చూడటం. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, సొరుగులోంచి మెమో తీసి చింపబోయారు.

"చింపకండి సార్, నా పేరు రాయండి" అన్నాను.

"మీకేమైనా పిచ్చా?"

"మెమో సంగతి ఆసుపత్రంతా పాకింది. ఇప్పుడు చింపేస్తే, ఏదో సర్దుబాటు చేశారనుకుంటారు. తప్పెవరిదో కాగితం మీద ఉంటేనే ఆ పిల్ల మీద మచ్చ పోతుంది. అన్నం అన్నది నేను, ఆమె కాదు."

ఆయన వైట్‌నర్ తెప్పించి ఆమె పేరు మీద పూసి, ఆరాక పైన నా పేరు రాశారు. కారణం దగ్గర, 'నరము ద్వారా ఇచ్చు పోషకాహారమును అన్నమని రోగికి తప్పుగా వివరించినందున' అని రాసి, కలం ఆపారు. "మరి ఉండమన్నవాడి సంగతేంటి?" అన్నారు.

గుమ్మం దగ్గర నిలబడ్డ మా అమ్మాయికి అప్పటికే నోరు తిరిగొచ్చింది. "కింద సంతకం మీదే గద సార్. ఇద్దరి పేర్లు ఉన్నట్టే."

తర్వాత ఆయన చేసిన పని మాత్రం నేనూహించలేదు. పెద్దాయన మంచం మీద కూర్చుని, "మా అమ్మ కూడా శనివారాలుంటుందయ్యా. షుగరు మనిషి. కొడుకు డాక్టరైతే మాత్రం మాట వింటుందా ఏం?" అన్నారు. సంచీ ఉన్నట్టుండి ఆపితేనే ప్రమాదం, మెల్లగా తగ్గించి, ఆ పూట ఇన్సులిన్ మానేసి, గంట గంటకూ షుగరు చూస్తే కొన్ని గంటలు ఆపొచ్చు. అలాగే ఆర్డరు రాశారు. "కానీ ఆపేది మేము, నువ్వు కాదు. చెయ్యి పెట్టావంటే ఆ పంపు తీసుకెళ్ళి మీ వర్క్‌షాపులో పడేస్తా."

మళ్ళీ శనివారం తెల్లవారుజామున్నుంచే కొంచెం కొంచెంగా తగ్గించి సంచీ ఆపాం. గంటకోసారి వేలు గుచ్చి చూశాం. షుగరు నిలబడింది. పొద్దుగూకే వేళకు కొత్త చిక్కు. ఆక్సిజన్ ఉన్న వార్డులో దీపం పెట్టకూడదు. పెద్దాయనేమో దీపం పెట్టందే ముట్టనంటాడు. మా అమ్మాయి తటపటాయించలేదు. ఆయన మంచం మీది ట్యూబులైటు ఆర్పి, మళ్ళీ వేసింది.

"దీపం పెట్టిన కాకా. ఇగ అన్నం తినుండ్రి" అని బటన్ నొక్కింది.

ఆయన లైటుకు దణ్ణం పెట్టాడు. నేను తెర వెనక్కి వెళ్ళి ముక్కు చీదుకున్నాను. కుట్టు మానింది. ఇంకో మూడు వారాలకు జావ తాగాడు, తర్వాత మెత్తటి అన్నం తిన్నాడు, ఇంటికెళ్ళాడు. మా అమ్మాయి పర్మనెంటయింది. మూడు రోజుల్లో ఇవ్వాల్సిన సంజాయిషీ నేనివ్వలేదు, ఎవరూ అడగలేదు.

మూడేళ్ళకు నా రిటైర్మెంటు. వీడ్కోలు సభ పెట్టారు. ఆ రోజు కూడా శనివారమే వచ్చింది. నా కుర్చీలోకి రాబోతున్నది మా చిలకలగూడ అమ్మాయే. సన్మానపత్రం చదవమంటే, ఆవిడ ఫైల్లోంచి ఆ మెమో తీసి గొంతెత్తి చదివింది. హాలంతా నవ్వులు. వెనక వరసలో భార్యతో కూర్చున్న లాలాగూడ పెద్దాయన మాత్రం నవ్వలేదు. పంచిన లడ్డూ దీపం వేళకని రుమాల్లో కట్టుకుంటున్నవాడల్లా లేచి నిలబడ్డాడు.

"ఏందీ? అన్నమన్నందుకా సిస్టర్ మీద కాయితం?" అన్నాడు. హాలు సద్దుమణిగింది. "ఆ మంగళారం నేను చెప్పులేసుకున్న. ఇంకో మందంటే ఆటో ఎక్కి ఇంటికి పోయి సస్తుంటి. అన్నం ముంగట కెల్లి లేస్తే పాపమని మా అవ్వ నేర్పింది. అన్నమన్నరని గదా చెప్పులిడిసిన!"

నా కళ్ళజోడు మసకబారిపోయింది. తీసి కొంగుతో తుడుచుకున్నాను.

మా అమ్మాయి వేదిక దిగి, మెమో వెనక వైపు తిప్పి, పెద్దాయన చేతిలో కలం పెట్టింది. "గిప్పుడన్న మాటే గీడ రాసి సంతకం పెట్టు కాకా" అంది. ఆయన నిలబడే రాశాడు, ఒక్క గీత కూడా వంకర పోలేదు. ఆవిడ ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇగో మేడం, మీరియ్యని సంజాయిషీ" అంది.